నీలవేణి నాలుగో వాయిదా

చాంద్ బాషా టీ సగమే తాగాడు.

పట్టపగలు. నందిగామ బైపాస్ పక్కన, లారీలవాళ్లు ఆగే టీ బంకు. ఎదురుగా హైవే మీద హైదరాబాదు బస్సులు రొద చేసుకుంటూ పోతున్నాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. మిగతా సగం టీ మట్టిలో ఇంకిపోయింది. ఆ రోజే పనిలో చేరిన టీ మాస్టరు వెనక దారిన మోటార్ సైకిలెక్కి మాయమయ్యాడు. చుట్టూ మూగినవాళ్లు గుండెపోటన్నారు. ఈ వయసుకే ఏం గుండెపోటురా అని ఒక పెద్దాయన నిట్టూర్చాడు.

అది గుండెపోటు కాదని తెలిసిన మనిషి ఒక్కడే. నవీన్‌బాబు జనాన్ని తోసుకుంటూ వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, చాంద్ బాషా మెడ మీద వేళ్లు పెట్టి చూశాడు. ఆలస్యం అయిపోయింది.

చాంద్ బాషా జగ్గయ్యపేట వాడు, ట్రైలర్ డ్రైవరు. లోకానికి తెలిసింది అంతే. బోర్డు లేని ఆఫీసు ఒకటుంది, దాన్ని మెరైన్ సెల్ అంటారు. దానికి ఆయన ఇన్ఫార్మర్. ఈ సంగతి ఇంట్లో ఉన్న వజీరాకు కూడా తెలియదు. పదేళ్లుగా పక్కన బతికిన భార్యకు తెలియని మొగుణ్ని నవీన్‌బాబు ఎరుగును. అలా ఎరగడమే అతని ఉద్యోగం.

ఆయన పంపిన ఆఖరి వాయిస్ మెసేజ్ నవీన్‌బాబు ఫోనులో ఉంది.

"సార్, లోడెక్కించాల్సిన క్యాబిన్లలో ఒకదాన్ని ఎవరో తెరిచారు. నిన్న అందరూ అన్నాలు తినే టయానికి. నేను ట్రైలర్ కింద నీడకి పడుకునున్నా, తలుపు చప్పుడు విన్నా, లేచి చూసేసరికి ఎవరూ లేరు. సీలు మళ్లీ వేసేసారు. ఏ క్యాబినో పోల్చుకోలేకపోతన్నా. నందిగామ వస్తున్నా, టీ తాగుతా మాట్లాడుకుందాం."

ఆ మాటల్ని నవీన్‌బాబు మళ్లీ ఒకసారి విన్నాడు. తర్వాత అంబులెన్సు కోసం ఆగకుండా అక్కడినుంచి కదిలాడు. ఆగకూడదు, అది రూలు. ఆ రూలు మీద ఆ రోజు అతనికి మొదటిసారి ఒళ్లు మండింది.

నందిగామలోనే ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. నిండా మిర్చి టిక్కీలు, బస్తా మీద బస్తా. షట్టరు దగ్గర నిలబడి నవీన్‌బాబు పిలిచాడు.

"తేజ ఉందా అండీ?"

"తేజ అయిపోయింది. తాలు కావాలా?" లోపలినుంచి ఆడగొంతు.

"తాలు ఏరడానికే వచ్చా."

షట్టరు లేచింది. కోడ్ పదాలు ఢిల్లీలో ఆలోచించి ఉంటే ఏ నక్షత్రాల పేర్లో పెట్టేవారు. ఇవి చీఫ్ భారతీదేవి స్వయంగా పెట్టినవి. తేజ మంచి రకం కాయ, తాలు రంగు పోయి తెల్లబడిన కాయ. మిర్చి కల్లంలో ఆ మాటలు ఎవరి చెవిన పడ్డా ఎవరూ తల తిప్పరు. గంజి పెట్టిన నేత చీర, భుజాన సంచీ, చూసినవాళ్లు ఆమెను కమీషన్ వ్యాపారి అనే అనుకుంటారు. వచ్చిన చిక్కల్లా ఆ ఘాటుకి చీఫ్‌కు తుమ్ములు ఆగవు.

"చాంద్ పోయాడు మేడమ్."

భారతీదేవి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఆ తర్వాత బ్రీఫింగ్ మొదలుపెట్టింది. సెల్‌లో సంతాపం అంతసేపే.

విషయం ఇది. విశాఖకు అవతల కొత్తగా వెలసిన ఒక ప్రైవేటు యార్డులో 'నీలవేణి' అనే క్రూయిజ్ షిప్ తయారవుతోంది. ఓడ అనడానికి నోరు రాదు, అదొక ఊరు. థియేటర్లు, ఈత కొలనులు, అంతస్తుల మీద అంతస్తులు. అంత పెద్ద ప్రయాణికుల ఓడను ఇక్కడే కట్టగలమని చూపించాలని పంతం. విదేశాల్లో ఆ వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ముఠాకు అది గిట్టదు. ఆ ముఠాకు సెల్ పెట్టిన పేరు హార్పూన్. ఇక్కడ దాన్ని నడిపేవాడు వాల్టర్. ఏ దేశస్థుడో ఎవరికీ తెలియదు.

నీలవేణి మొదటి ప్రయాణం ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది. మొదటిసారి విదేశంనుంచి రావాల్సిన మోటార్లు దారిలో మాయమయ్యాయి. రెండోసారి, పోయిన శ్రావణంలో, ఇంజిన్ రూమ్ తగలబడింది. మూడోసారి పైపులు పగిలి మూడు డెక్కులు మునిగాయి. మళ్లీ వాయిదా పడితే ఓడను కొనుక్కునేవాళ్లు వెనక్కి పోతారు, యార్డు మూతపడుతుంది. దాంతోపాటు మునేరు మాడ్యూల్స్ కూడా.

మునేరు మాడ్యూల్స్ అంటే నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య హైవే పక్కన ఉన్న ఫ్యాక్టరీ. ఓడలో ప్రయాణికులు పడుకునే గదులను అక్కడే చేస్తారు. మంచం, అద్దం, బాత్రూమ్, లైట్లు, దిండు గలీబులతో సహా సిద్ధమైన ఉక్కు గది. దానికి సీలు వేసి ట్రైలర్ మీద విశాఖ పంపితే, యార్డులో బీరువాకి సొరుగు తోసినట్టు ఓడలోకి తోసేస్తారు. సముద్రం మొహం చూడని ఊళ్లలో సముద్రం మీద తిరిగే గదులు తయారవుతున్నాయన్నమాట. పెనుగంచిప్రోలు నుంచీ చందర్లపాడు నుంచీ ఆటోలెక్కి వచ్చే ఆడవాళ్లు వాటికి తుది మెరుగులు దిద్దుతారు.

"ఆఖరి విడత ఇవాళ మధ్యాహ్నం బయల్దేరుతుంది," అంది భారతీదేవి. "వాటిలో ఒకదాన్లో ప్యాకేజీ ఉంది. ట్రైలర్లు ఆలస్యం అయితే కీసర టోల్ గేటు దగ్గర కాపున్న హార్పూన్ మనిషికి అనుమానం వస్తుంది. వాడు ఫోనులోంచే పేలుస్తాడు. ఫ్యాక్టరీ నిండా జనం. అన్ని సీళ్లూ పగలగొట్టి చూద్దామంటే, అది ఉన్న గది తలుపు తీయగానే పేలుతుంది. అర్థమైందా?"

"ఏ గదో ముట్టుకోకుండా కనిపెట్టాలి."

"నాగశ్రీ సాయం తీసుకో. ఇక ఇది చూడు." చిన్న కవర్లోంచి ఒక తెల్లని రింగు ముక్క తీసింది. సగం కాలి కరిగింది. వెనక మూడు అడ్డగీతల గుర్తు. "ఇంజిన్ రూమ్ బూడిదలో దొరికింది. స్మోక్ డిటెక్టర్‌లా కనిపించే బాంబు. ఆ మంట ప్రమాదం కాదు, హార్పూన్ పనే. ల్యాబు నిర్ధారించి చాలా రోజులైంది. మనకు తెలిసిపోయిందని వాళ్లకి తెలియకూడదు. నాగశ్రీకి కూడా చెప్పకు. ఆమె లెవెల్‌కి అక్కర్లేదు."

నవీన్‌బాబు తలూపి ముక్కను జేబులో వేసుకున్నాడు.

మునేరు మాడ్యూల్స్ గేటు దగ్గర అతని పేరు తిరుపతిరావు, యార్డు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు. అంటించుకున్న మీసం ఎండకి దురద పెడుతోంది.

"రండి తిరుపతిరావు గారూ," అంటూ నాగశ్రీ ఎదురొచ్చింది. నల్లకళ్లద్దాలు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, లేత బూడిదరంగు పట్టుచీర, నుదుట చిన్న ఎర్ర స్టిక్కర్. మిరప ఘాటును కూడా వెనక్కి నెట్టే సెంటు. చీఫ్ డిజైనర్. ఆమె కారు దిగుతుంటే సెక్యూరిటీ ఆఫీసర్ సుబ్బరాయుడు ఒకటికి రెండు సెల్యూట్లు కొడతాడని ఫ్యాక్టరీలో నవ్వుకుంటారు.

నాగశ్రీ డబుల్ ఏజెంట్. హార్పూన్ ఆమెను తన మనిషి అనుకుంటుంది. ఆమె సెల్ మనిషి. ఆమెకు ఈ పని నేర్పింది నవీన్‌బాబే. రెండు పడవల మీద కాళ్లు పెట్టి, రెండూ కదలకుండా నడపగల పిల్ల అని చీఫ్ దగ్గర మెచ్చుకునేవాడు.

"చాంద్ పోయాడు," అన్నాడు మెల్లగా.

ఆమె కళ్లద్దాల వెనక ఏముందో కనిపించలేదు. "ఎట్లా?"

"టీలో."

"నువ్వు చూస్తుండు. ఆఫీసులో కాగితాల పని చూసి వస్తా," అని గబగబా వెళ్లిపోయింది.

క్యాబిన్లు ఆరుబయట వరసగా నిలబెట్టి ఉన్నాయి. పక్కనే గోడకి అవతల ఎవరివో కల్లాలు, ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నవీన్‌బాబు ఫోనులాంటి పరికరం ఒకటి తీశాడు. పేలుడు పదార్థాన్ని వాసనతో పసిగడుతుంది, భలే ఖరీదైనది. మొదటి క్యాబిన్ దగ్గర కుయ్యిమంది. రెండోదాని దగ్గరా కుయ్యిమంది. వాచ్‌మన్ కుర్చీ దగ్గరా, ఖాళీ డ్రమ్ము దగ్గరా, ఆఖరికి తన మీసం దగ్గరా అదే కూత. దాన్ని తయారుచేసినవాళ్లు మిర్చి కల్లం పక్కన పరీక్షించి ఉండరు. దాని నోరు నొక్కి జేబులో పడేశాడు.

అప్పుడు కిందికి చూశాడు.

ప్రతి క్యాబిన్ ఉక్కు గడపకీ పసుపు రాసి ఉంది. దాని మీద కుంకుమ బొట్లు. యార్డువాళ్లకి ఇది నచ్చదు, మరకలంటారు, అక్కడ దించగానే తుడిచేస్తారు. అయినా ఇక్కడి ఆడవాళ్లు మానరు. గది అన్నాక గడప ఉంటుంది, గడప అన్నాక పసుపు ఉండాలి. ఎవరి ప్రయాణమో, ఎవరి కాపురమో, వట్టి గడప దాటించి పంపడం వాళ్ల వల్ల కాదు.

నవీన్‌బాబు ఒక్కో గడపా చూసుకుంటూ నడిచాడు. పసుపు, బొట్లు. పసుపు, బొట్లు. వరస చివరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి.

ఆ గడపకి పసుపు ఉంది. అంచుల దాకా, పొందికగా, మిగతావాటికంటే నీటుగా రాసి ఉంది. బొట్లు లేవు.

అతను పెనుగంచిప్రోలులో పుట్టాడు. నాన్న పోయాక అమ్మ శుక్రవారం గడప కడిగి పసుపు రాసి, కుంకుమ భరిణె అక్కడే పెట్టి లోపలికి పోయేది. పక్కింటి పిన్ని వచ్చి బొట్లు పెట్టేదాకా ఇటు తిరిగి చూసేది కాదు. అమ్మ వీపు ఇప్పుడు కళ్ల ముందు కదిలింది.

అతను ఫినిషింగ్ సూపర్‌వైజర్ ప్రమీలారాణిని పిలిచాడు. యాభై దాటిన మనిషి, పనిలో పులి.

"ఇది మీవాళ్లు రాసిందేనా అమ్మా?"

ఆమె వంగి చూసింది. "కాదండి. మేము బొట్టు పెట్టకుండా వదలం. ఎవరో తొక్కి, చెరిగితే మళ్లీ రాసినట్టుంది."

"మీలో భర్త లేనివాళ్లు..." అడగడానికి అతనికి నోరు రాలేదు.

"నేనే ఉన్నానండి. మా ఆయన పోయి నాలుగేళ్లు. అయినా బొట్లు నేనే పెడతా. పని చేసుకు బతికేవాళ్లం, మమ్మల్ని ఎవరు కాదంటారు?" ఆమె ఆ పసుపు వైపే చూస్తోంది. "మొదట్లో మాత్రం చెయ్యొచ్చేది కాదండి. పసుపు రాసేసేదాన్ని. కుంకుమ కాడికొచ్చేసరికి వేళ్లు ముడుచుకుపొయ్యేయి. ఒకరు వద్దన్నారని కాదు. అంతే, రావు. ఇదెవరో గానీ పాపం, ఈ మధ్యే పోగొట్టుకున్న మనిషండి."

సీలు వేసే మిషను తాళం ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఒకరు సుబ్బరాయుడు. ఆయనకి పసుపుతో పనిలేదు. రెండోవాళ్ల పేరు తలుచుకోవడానికి నవీన్‌బాబు మనసు ఒప్పలేదు. నాగశ్రీ అవివాహిత. ఫైల్లో అలాగే ఉంది.

కానీ శ్రావణంలో ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఇంజిన్ రూమ్ మంటల మర్నాడు. విజయవాడలో ఒక హోటల్లో ఇద్దరూ టీ తాగుతున్నారు. "ఒకడే పోయాడు, నష్టం తక్కువే," అన్నాడు తను. "పేరేంటి?" అందామె. "ఎవరో వెల్డరు. వీరేంద్రో ఏదో." ఆమె "ఓహో" అని, ఇంకో టీ చెప్పింది. ఆ రెండో టీ తాగలేదు. అది చల్లారిపోయి మీగడ కట్టింది. తను అది చూశాడు కూడా. టీ బాగోలేదేమో అనుకున్నాడు.

మనుషుల వెంట నీడలా తిరిగి, వాళ్ల జేబుల్లో ఏముందో చెప్పగలిగిన నవీన్‌బాబుకి ఆ ఎండలో సిగ్గేసింది.

ఫోను తీశాడు. "నాగశ్రీ, చివరి క్యాబిన్ దగ్గరికి రా."

ఆమె వచ్చింది. గడపను చూసింది. అతన్ని చూసింది. కళ్లద్దాలు తీసేసింది.

"నువ్వు తెరుస్తావా, నన్ను తెరవమంటావా?" అన్నాడతను.

"నువ్వు తెరిస్తే పేలుతుంది," అని ఆమే సీలు తెంపి, తలుపు సందులోకి సన్నటి రేకు ఒకటి దూర్చి, మెల్లగా తీసింది.

లోపల తెల్లటి దుప్పటి పరిచిన మంచం. గోడంత అద్దం. బల్లకి మరలతో బిగించిన చిన్న పూలకుండీ. సముద్రం కనిపించాల్సిన కిటికీలో మిరపకాయలు ఆరుతున్నాయి. ఇద్దరూ మంచం చివర కూర్చున్నారు. బయట అన్నాల వేళ అయింది. ట్రైలర్ల నీడన ఆడవాళ్లు క్యారేజీలు విప్పుకుంటున్నారు.

"పెళ్లెప్పుడు చేసుకున్నావు?"

"రెండేళ్లయింది. అన్నవరంలో. కవర్‌లో ఉన్న ఏజెంటు పెళ్లి చేసుకోకూడదుగా. వీరేంద్ర వాళ్లమ్మకి కూడా చెప్పలా. ఈ ఓడ బయటికెళ్లాక ఉద్యోగం మానేసి చెబుదామనుకున్నాం." ఆమె గొంతు వణకడం లేదు. అది ఇంకా భయంగా ఉంది. "యార్డు స్టాఫ్ అందరితోపాటు నేనూ లైన్లో నిలబడి పూలు వేసా, నవీన్. వాళ్లమ్మ నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఆఫీసర్ననుకుని."

నవీన్‌బాబు చూపు గడప మీదికి పోయింది.

"నీకెట్లా తెలిసింది?" అందామె.

"బొట్టు పెట్టలేదు నువ్వు."

ఆమె నవ్వబోయింది. "పెడదామనే వంగా. వాళ్ల పసుపుకుంకుమల పళ్లెం పక్కనే ఉంది. చెయ్యి రాలా."

"నుదుటి మీద పెట్టుకుంటున్నావుగా."

"అది డ్యూటీ. డిజైనర్ నాగశ్రీకి అంటిస్తా రోజూ. గడపకి పెట్టాల్సింది నేను. కొత్తగా పెళ్లయినవాళ్లు ఎవరైనా దిగుతారేమో, నా చేత్తో ఎందుకులే అనిపించింది."

తగలబెట్టబోయే గదికి కూడా తన చేతి వల్ల కీడు జరగకూడదనుకుంది. మనుషులింతే, వాళ్లని ఏ ట్రైనింగూ పూర్తిగా మార్చలేదు.

"ఎందుకు చేసావిది?"

"ఆ ఓడ కదలకూడదు. డేటు అందుకోవాలని యార్డువాళ్లు మంటలార్పే స్ప్రింక్లర్లు ఆపేసి పని చేయించారు. అందుకే కాలిపోయాడు. ఇది రేవులో, జనం ఎక్కకముందే అంటుకుంటుంది. ఎవరికీ ఏం కాదు. ఓడ ఒక్కటే పోద్ది."

"స్ప్రింక్లర్ల సంగతి ఎవరు చెప్పారు?"

"వాల్టర్."

నవీన్‌బాబు జేబులోంచి కాలిన ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె లెవెల్‌కి అక్కర్లేనిది. "ఇది ఇంజిన్ రూమ్‌లో దొరికింది. ఆ మంట పెట్టింది వాల్టరే. మాకు ఎప్పుడో తెలుసు. నీకు చెప్పలేదు."

నాగశ్రీ ముక్కను తిప్పి చూసింది. మూడు అడ్డగీతలు. తలెత్తి పైకప్పు వైపు చూసింది. అక్కడ తన చేత్తో బిగించిన స్మోక్ డిటెక్టర్, దాని అంచు మీద అవే మూడు గీతలు. ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం అతనికి కనిపించింది.

"చాంద్ అన్ననీ వాళ్లేనా?"

"ఇంకెవరు?"

ఆమె ఫోను మోగింది. వాల్టర్. ట్రైలర్ ఎందుకు కదల్లేదని అడగడానికే. ఏదో ఒక అబద్ధం చెప్పాలి, లోడింగ్ ఆలస్యమంటే చాలు. నవీన్‌బాబు సైగ చేశాడు. ఎన్నో ఏళ్లుగా తడబడకుండా అబద్ధాలాడిన నాగశ్రీ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఒకే ఒక్క మాట అంది.

"వీరేంద్రని చంపింది మీరేనా?"

అవతలివైపు లైను తెగింది. పైన డిటెక్టర్‌లో ఎర్రదీపం కొట్టుకోవడం మొదలైంది.

"మంచమెక్కు!" అరిచింది ఆమె. అతను ఎక్కాడు. "డిటెక్టర్ అంచున ఆ రెండు మేకులూ నొక్కి పట్టుకో. వదిలావా, బయట ఉన్నవాళ్లు కూడా మిగలరు." ఆమె కూడా ఎక్కి, జుట్టులోంచి పిన్ను తీసి మూత విప్పింది. లోపల రెండు సన్నటి తీగలు. దీపం వేగం పెరిగింది. ఇప్పుడు జనాన్ని పొమ్మని అరిచినా తప్పించుకోలేరు. నవీన్‌బాబు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, చెమట మీసంలోకి కారుతోంది.

ఆమె చేయి తీగ దగ్గర ఆగింది.

"నాగశ్రీ!"

"వదిలేద్దామనిపిస్తోంది నవీన్. ఆయన కూడా ఇట్లాగే పోయాడు."

ఆమె మాట సరదాకి అన్నది కాదు. అద్దంలో ఆమె కళ్లు చూస్తే తెలుస్తోంది. అతను మేకులు ఇంకా గట్టిగా నొక్కాడు. సంకేతాలు తెలుసు, మారువేషాలు తెలుసు, ఇలాంటప్పుడు మనిషితో ఏమనాలో తెలియదు.

బయటినుంచి ప్రమీలారాణి గొంతు వినిపించింది, ట్రైలర్ పక్కనుంచి, ఎప్పటిలాగే గట్టిగా.

"మేడం గారూ! లోపలున్నారా? అన్నం తిన్నారా మీరు? పొద్దుటినుంచీ చూస్తన్నా, మంచినీళ్లు కూడా ముట్టలేదు. రండి, గోంగూర తెచ్చా!"

నాగశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. శ్రావణంనుంచీ ఎవరో ఒకరు అడగాల్సిన మాట అది.

"వస్తన్నానమ్మా," అంది బయటికి వినపడేలా. నీలిరంగు తీగను పిన్నుతో లాగింది.

ఎర్రదీపం ఒక్కసారి పెద్దగా వెలిగి ఆరిపోయింది. మంచం మీద ఇద్దరూ అలాగే నిలబడిపోయారు.

కాసేపటికి చీఫ్ మెసేజ్ వచ్చింది. "కీసరలో తాలు ఏరేశాం." టోల్ గేటు దగ్గర కాపున్నది వాల్టరే. అతను చేసిన ఆ ఒక్క కాల్ చాలింది, అతను ఏ కారులో కూర్చున్నాడో సెల్ పట్టేసింది. టీ మాస్టరు కూడా ఆ కారులోనే దొరికాడు.

నవీన్‌బాబు బయటికి వచ్చి ప్రమీలారాణిని పక్కకి పిలిచాడు. ఏజెంటు చెప్పకూడని మాట చెప్పాడు. "ఆవిడ భర్త పోయాడమ్మా. శ్రావణంలో. ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది."

ప్రమీలారాణి కలుపుకున్న అన్నం అలాగే వదిలి, చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ క్యాబిన్‌లోకి వెళ్లింది. "ఏమ్మా తల్లీ," అంది. అంతే. నాగశ్రీ ఆమె ఒళ్లో తల పెట్టి, గుక్కపట్టి, ఊరంతా వినపడేలా ఏడ్చింది. మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. సంగతేమిటో సగంమందికి తెలియదు. అయినా ఏడ్చారు. ఆరు నెలలు దాటాక వీరేంద్ర భార్యకు పరామర్శ జరిగింది, సముద్రానికి వెళ్లాల్సిన గదిలో, మిరపకాయల ఎదురుగా.

నవీన్‌బాబు ఫోనులో అంతా చెప్పడంతో జీపులో వచ్చిన భారతీదేవి గుమ్మం దగ్గర ఆగిపోయింది. సంకెళ్లు తెచ్చిన కానిస్టేబుల్‌ని చేత్తో ఆపింది.

"మేడమ్, కొంచెంసేపు..." అన్నాడు నవీన్‌బాబు.

"నేనేమన్నా తొందరపెట్టానా?" అంది ఆమె. ఆ తర్వాత తుమ్మింది. కళ్లు తుడుచుకుంది. ఈసారి మిరప ఘాటని ఎవరూ అనుకోలేదు.

చట్టం చట్టమే. నాగశ్రీ జైలుకి వెళ్లింది. చివరి క్షణంలో చేసిన మేలు లెక్కలోకి వస్తుందని లాయర్లు అంటున్నారు. నీలవేణి మొదటి ప్రయాణం నాలుగోసారి వాయిదా పడింది, ప్రతి డిటెక్టరూ విప్పి చూడాల్సి వచ్చింది కాబట్టి. కంపెనీ మాత్రం అలంకరణ పనులు మిగిలాయని ప్రకటించింది. ఈ దేశంలో ఓడలు కట్టడం ఎవరికి చేతనవుతుందని టీవీలో పెద్దమనుషులు గంటసేపు నవ్వుకున్నారు. కొనుక్కునేవాళ్లు ఎలాగో ఆగారు. యార్డు నిలిచింది, ఫ్యాక్టరీ నిలిచింది.

ఎండలు ముదిరాక ఓడ కదిలింది. ఆ పూట నవీన్‌బాబు విశాఖలో లేడు, జగ్గయ్యపేటలో ఉన్నాడు. చాంద్ బాషా ఇంట్లో చాప మీద కూర్చుని, వజీరాకి ఆమె మొగుడు ఎలాంటివాడో చెబుతున్నాడు. చెప్పకూడనిది మినహా అన్నీ చెప్పాడు. ఏ లోడుకీ ఆలస్యం చెయ్యలేదని, పడుకున్నా ఒక చెవి మేలుకునే ఉండేదని, ఆయన మూలంగా ఎన్నో ప్రాణాలు నిలిచాయని. వజీరా వింటూ ఏడ్చింది, మధ్యలో ఒకసారి నవ్వింది, మళ్లీ ఏడ్చింది. పక్కింటి టీవీలోంచి ఓడ కూత వినిపించింది. ఇద్దరిలో ఎవరూ లేచి చూడలేదు.

వీధి చివర కారులో కూర్చున్న భారతీదేవి అతను వచ్చేదాకా ఓపిక పట్టింది.

"నాగశ్రీ పక్కనే ఏళ్ల తరబడి పనిచేశావు. ఒక్కసారి కూడా అనుమానం రాలేదా నీకు?"

నవీన్‌బాబు కారు తలుపు వేసుకుని, ఎదురుగా రోడ్డు చూస్తూ అన్నాడు.

"మన ట్రైనింగులో మనిషి వెనకాల నడవడం నేర్పారు మేడమ్. ఎదురుగా కూర్చుని బాగున్నావా అని అడగడం సిలబస్‌లో లేదు."